ఇరవై ఒక్క సీట్లు

ఆ బుధవారం పొద్దున రాఘవేందర్ పెట్టుకున్న పని ఒక్కటే. దుకాణానికి పోయేలోపు మూడు సీట్లు చేయాలి. పద్దెనిమిది అప్పటికే అయిపోయి, స్వీటు డబ్బాలో దూది మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. పెరుగు డబ్బా మూత కోసి, అరగదీసి, వీపు ఆనేది ఒకటి, కూర్చునేది ఒకటి, చేతులు పెట్టుకునేవి రెండు అతికిస్తే ఒక సీటు. మాత్రల రేకును సన్నగా చీరితే దానికో బెల్టు.

శంషాబాద్ బస్టాండు దగ్గర అతనికి జిరాక్సు దుకాణం ఉంది. ఇల్లు తొండుపల్లిలో. ఇంట్లో వెనక గది అతనిది. ఆ గదిలో బల్ల మీద ఏడాదిగా ఒక పాత డకోటా విమానం బొమ్మ తయారవుతోంది. కొట్లో దొరికే బొమ్మ విమానమైతే పెట్టెలో అన్ని ముక్కలూ ఉంటాయి, అతికించుకుంటే చాలు. ఇది ఆ జాతి కాదు. వేడి చేసిన ప్లాస్టిక్ షీటును అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేస్తే షీటు అచ్చుకు కరుచుకుని ఆకారం తేలుతుంది. అలా తేలిన రెండు అర చెక్కలు, రెక్కల ముక్కలు పెట్టెలో వచ్చాయి. అంతే. సీట్లు, చక్రాలు, పంకాలు, తలుపు గొళ్లెం, అన్నీ కొన్నవాడే చేసుకోవాలి. పైలెట్ ముందుండే మీటర్ల బొమ్మను రాఘవేందర్ తన జిరాక్సు మిషన్ మీదే చిన్నది చేసి, దాన్ని మళ్ళీ చిన్నది చేసి, ఒక్కో మీటరు ఆవగింజంత అయ్యేదాకా తగ్గించాడు.

ఈ పనిలో అతనికి తోడు జల్‌పల్లిలో ఉండే బాలమల్లు. బాలమల్లు పళ్ళ సెట్లు చేస్తాడు. పంటి డాక్టర్లు పంపే అచ్చుల మీద ప్లాస్టిక్ లాగే చిన్న మిషన్ అతని దగ్గరుంది. విమానం ముందరి అద్దాలు దాని మీదే లాగి ఇచ్చాడు. విమానంలో కూర్చునే మనుషులకు కూడా పళ్ళ సెట్ల చిగుళ్ళకు వాడే ముద్దే పంపాడు. అందువల్ల రంగు వేసేదాకా ప్రయాణికులందరూ అప్పుడే పళ్ళు పీకించుకుని వచ్చినట్టు ఎర్రగా ఉండేవారు.

"లోపట గింత పని దేనికే? మూసినంక ఎవలకు కనిపిస్తది?" అని బాలమల్లు ఒకసారి అడిగాడు.

"నాకు ఎరుకుంటది గదా," అన్నాడు రాఘవేందర్.

ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ బాపు ఏదో పని మీద బేగంపేట ఎయిర్‌పోర్టు దిక్కు పోతూ అతన్ని వెంట తీసుకుపోయాడు. కంచె అవతల ఇలాంటి విమానమే ఆగి ఉంది. తోక నేల మీద, ముక్కు ఆకాశం వైపు. తలుపు తెరిచి ఉంది. లోపల చీకట్లో సీట్ల తలలు కొన్ని వరసగా కనబడ్డాయి. ఇంకొంచెం చూసేలోపే ఎవరో వచ్చి తలుపు మూశారు. ఆ చీకట్లో ఇంకా ఏముందోనన్న తపన ఆ పిల్లవాడిలో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు రోజంతా ఇంటి పక్క నుంచే విమానాలు లేస్తాయి. తొండుపల్లిలో మనుషులు మాట మధ్యలో ఆగి, విమానం పోయాక మిగతా సగం చెప్పడం అలవాటు చేసుకున్నారు. అయినా రాఘవేందర్ ఇంతవరకు ఒక్క విమానం కూడా ఎక్కలేదు. దానికి కారణముంది. అది ఎవరికీ చెప్పలేదు.

అతని భార్య స్వరాజ్యం కూడా ఎక్కలేదు. సాయంత్రం బట్టలు తీయడానికి మిద్దె మీదికి పోతే, తీసిన బట్టలు చేతుల్లోనే పెట్టుకుని, ఒక విమానం చుక్క అయ్యేదాకా చూసి గాని కిందికి దిగదు. "ఒక్కపారి ఎక్కుదామా?" అని చాలా ఏళ్ళ కింద అడిగింది. "చూద్దాం," అన్నాడు. ఇంకోసారి అడిగింది. "చూద్దాం," అన్నాడు. ఆ తర్వాత అడగడం మానేసింది. చూడటం మాత్రం మానలేదు.

బుధవారం పొద్దున ఆమె వెనక గది కిటికీ పక్కనున్న తీగ మీద బట్టలు ఆరేస్తోంది. లోపల రాఘవేందర్ ఫోన్‌లో బాలమల్లుతో మాట్లాడుతున్నాడు.

"మొత్తం ఇరవై ఒకటి సీట్లన్నా. పద్దెనిమిది అయినయ్. ఇంకా మూడే. కిటికీ పక్కయి ముందుగాలనే అయిపోయినయ్. ఆదివారం పొద్దుగాల అందర్ని కూసోబెట్టి మూసేస్త. మూసినంక ఎవలు ఏడ్చినా లోపటికి పోరాదు. కింద సముద్రం. మస్తుంటది."

సముద్రమంటే విమానాన్ని నిలబెట్టే చెక్క మీద అతను వేయబోతున్న నీలి రంగు. స్వరాజ్యానికి అది తెలియదు. భర్త బొమ్మ విమానాలు చేస్తాడని తెలుసు గాని, వాటిలో సీట్లుంటాయని తెలియదు. ఇంతకుముందు చేసినవన్నీ లోపల ఏమీ లేని బొమ్మలే. అయినా మనిషి కూర్చోవాలనుకుంటేనే గదా సీటు. ఇక సముద్రమంటే ఆమెకు తెలిసింది వైజాగే. తడి చీర చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు తీగ దగ్గరే నిలబడింది.

లోపలికి పోయి అడగొచ్చు. అడగలేదు. అడిగితే ఆ ఉన్నది కాస్తా లేకుండా పోతుందేమోనని భయం. అందుకని ఆరాంఘర్‌లో ఉండే చెల్లెలు రేఖకు ఫోన్ చేసింది.

"ఎవలకు చెప్పకు. మీ బావ వైజాగ్‌కు విమానం సీట్లు చేపిస్తుండు. ఇరవై ఒకటంట."

"ఇరవై ఒకటా? ఎవలెవలం అక్కా?"

"నాకెట్ల ఎరుక? ఆదివారం పొద్దుగాలనంట. ఎవలకు చెప్పకు."

రేఖ ఎవరికీ చెప్పలేదు. అన్న గోవర్ధన్‌కు మాత్రం చెప్పింది, అన్న బయటివాడు కాడు గనక. శంషాబాద్‌లో చికెన్ సెంటర్ నడిపే గోవర్ధన్ ఆ రోజు కోడి కోయించుకోవడానికి వచ్చినవాళ్ళలో బంధువులకు మాత్రమే చెప్పాడు. తొండుపల్లిలో బంధువు కానివాడు దొరకడం కష్టం.

మర్నాడు గోవర్ధన్ జిరాక్సు దుకాణానికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, సీట్లు ఏడిదాక వచ్చినయ్?"

రాఘవేందర్ చేతిలో కాగితాలు ఆగిపోయాయి. తన విమానం గురించి ఇంటి మనిషి ఒకరు తనంతట తాను అడగడం ఏడాదిలో అదే మొదలు.

"అయిపోయినయ్ బావా. రాత్రే చివరిది అయింది. నీకెట్ల ఎరుక?"

"ఎట్లనో ఎరుకైంది తియ్యి. కిటికీ పక్కది నాకు పెట్టు జర."

తన బొమ్మను విమానంలో పెట్టమని బావ అడుగుతున్నాడని రాఘవేందర్ అనుకున్నాడు. "పెడ్త బావా. మూడో కిటికీ నీదే. మీసాలతోని సహా పెడ్త."

మీసాలు తీసేసి పోయేవాడెవడు అనుకున్నాడు గోవర్ధన్. "పైలెట్ మంచోడేనా?"

"పైలెట్ సంగతి బాలమల్లు చూసుకుంటుండు."

"పళ్ళ సెట్ల బాలమల్లా?"

"ఆయనే. గట్టిగ చేస్తడు. పరేషాన్ కాకు."

గోవర్ధన్ దారంతా ఆలోచించి, ఆ పైలెట్ ఎవరో బాలమల్లు దగ్గర పళ్ళు కట్టించుకుని ఉంటాడని తేల్చుకున్నాడు. పలుకుబడి ఎక్కడ ఎలా పనికొస్తుందో చెప్పలేం.

ఆ సాయంత్రం రాఘవేందర్ అక్క అనంతమ్మ ఫోన్ చేసింది. "తమ్మీ, నన్ను మర్శినవా? మీ బామ్మర్దికైతే సీటిచ్చినవంట."

"నిన్నెట్ల మరుస్త అక్కా? నువ్వు అడుగుతవనుకోలె."

"నా మోకాళ్ళు వంగయి. ముందల జాగ ఉండాలె."

"నీ మోకాళ్ళ సంగతి నేను చూసుకుంట. ముందల సీటు జర జరిపి అతికిస్త. ఏ చీర పెట్టాలె నీకు?"

అనంతమ్మ మనసులో లెక్క వేసుకుంది. టికెట్టు ఒక ఎత్తు. విమానంలో సీటునే జరిపించేంత తమ్ముడు, పైన చీర కూడా పెడతానంటున్నాడు. "నీలంది," అంది మెల్లగా. "అంచు జరీది ఉండాలె."

"జరీ అంచు కష్టమక్కా. అయినా చూస్త."

టికెట్టుతో పాటు చీర కూడా అన్న మాట మర్నాటికి ఊరు దాటింది. సీట్లు అడగడానికి వరసగా మనుషులు వచ్చారు. రాఘవేందర్ ఎవరినీ కాదనలేదు. ఇంతకాలం ఒక్కడే చేసుకున్న పనిని ఇంతమంది ప్రేమిస్తున్నారంటే అతనికి నిద్ర పట్టడం లేదు. చిగుళ్ళ ముద్ద అయిపోతే బాలమల్లు దగ్గరికి పోయి ఇంకొంచెం తెచ్చుకున్నాడు. వచ్చినవాళ్ళ ముక్కులు, పొట్టలు పరీక్షగా చూసి గుర్తుపెట్టుకున్నాడు. "ఏందో మరి, ఎక్కేముందు గట్ల చూస్తరంట, బరువు లెక్క కోసమట," అని వాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు.

సీట్లన్నీ నిండాక పక్కింటి ఐలయ్య వచ్చాడు. రాఘవేందర్ నిజంగానే బాధపడ్డాడు.

"లోపట జాగ లేదన్నా. నీకు నచ్చితే రెక్క మీద కూసోబెడ్త. బయటికి మంచిగ కనిపిస్తవ్."

ఐలయ్య చెప్పులు తొడుక్కుని పోయాడు. రెండిళ్ళ మధ్య ఎప్పుడూ తెరిచే ఉండే చిన్న గేటు ఆ పొద్దు మూసుకుంది.

ఇంత జరుగుతున్నా స్వరాజ్యం భర్తను ఒక్క మాట అడగలేదు. శనివారం అన్నం వడ్డిస్తూ, పళ్ళెం వైపే చూస్తూ, "రేపు నేను ఏ చీర కట్టాలె?" అంది.

"నీది ఎప్పుడో అయిపోయింది," అన్నాడు రాఘవేందర్. "అందరికంటే ముందుగాల నీదే చేసిన. ఆకుపచ్చ చీర."

ఆమె లోపలికి పోయి పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి ఇస్త్రీ చేసింది. ముడతలన్నీ పోయాక కూడా చాలాసేపు చేస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున ఇంటి ముందు ఆటోలు ఆగాయి. రేఖ చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ, నల్ల కళ్ళద్దాలతో దిగింది. గోవర్ధన్ కొత్త తెల్లచొక్కాలో వచ్చాడు. అనంతమ్మ మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని దిగింది. చీర ఇక్కడే ఇస్తారని పాతది కట్టుకొచ్చింది. తలుపు మూశాక ఏడ్చినా లోపలికి రానివ్వరన్న మాట అందరికీ తెలుసు గనక ఎవరూ ఆలస్యం చేయలేదు. వరండా నిండిపోయింది.

రాఘవేందర్ కిటికీలోంచి చూశాడు. తన విమానం మూసేది చూడటానికి ఇంతమంది. బ్యాగులు ఎందుకో అర్థం కాలేదు గాని, రెండు రోజులు ఉండి పోదామనుకున్నారేమో, ఉండనీ అనుకున్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని, చెక్క పలక మీద విమానాన్ని పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి, రెండు చేతులా మోసుకుంటూ వరండాలోకి వచ్చాడు. బల్ల మీద దించి గుడ్డ తీశాడు.

సరిగ్గా అప్పుడే పక్క నుంచి పెద్ద విమానం లేచింది. చప్పుడు తగ్గేదాకా ఎవరికీ ఏమీ అనడానికి వీలు కాలేదు.

"ఇదేంది బావా?" అన్నాడు గోవర్ధన్.

"విమానం."

"మనం ఎక్కేది?"

"ఎక్కిచ్చిన గదా. గీ మూడో కిటికీ కాడ సూడు."

గోవర్ధన్ వంగి చూశాడు. గోరంత సీట్లో తెల్లచొక్కా వేసుకుని తనే కూర్చుని ఉన్నాడు. మీసాలు తప్పుపట్టడానికి లేకుండా ఉన్నాయి. రేఖ నల్ల కళ్ళద్దాలు తీసి చూసి, మళ్ళీ పెట్టుకుంది.

"నా చీరేది?" అంది అనంతమ్మ.

"గదే అక్కా, నీలంది. అంచుకు బంగారు రంగు వేసిన. ఒక్క వెంట్రుక ఉన్న కుంచెతోని."

అనంతమ్మ పులిహోర డబ్బా కింద పెట్టి, తమ్ముడు చేసిన పనిని చాలా దగ్గరగా చూసింది. "మోకాళ్ళకు జాగైతే ఇడిశినవ్," అంది చివరికి. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుంది.

"దుకాణానికి బోర్డు పెట్టొచ్చిన బావా," గోవర్ధన్ గొంతు లేవలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. "వైజాగ్ పోతున్నం, రెండు రోజులు బంద్ అని. శంషాబాద్ మొత్తం చదివింది."

ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెబుతుంటే రాఘవేందర్‌కు మెల్లగా అర్థమైంది. మూడు రోజులుగా తనను అడిగినవాళ్ళెవరూ తన విమానాన్ని అడగలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు గుమ్మంలో స్వరాజ్యం కనిపించింది. ఆకుపచ్చ చీర, చేతిలో చిన్న పర్సు, తలలో పూలు. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

ఆమె వచ్చి బల్ల ముందు వంగింది. లోపలికి చూసింది. తనెక్కడుందో వెతకక్కర్లేకపోయింది. మొదటి వరసలో, కిటికీ పక్కన, ఆకుపచ్చ చీరలో, అద్దంలోంచి బయటికి చూస్తూ ఉంది. పక్క సీటు ఖాళీ.

"ఇంతమందికి ఇచ్చినవ్. గిది ఎవలది?" అంది.

"నాది."

"మరి ఏడున్నవ్?"

రాఘవేందర్ చుట్టూ ఉన్న బంధువులను చూశాడు. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. "నాకు భయం స్వరాజ్యం. మన పెళ్ళికి ముందు నుమాయిష్‌ల జెయింట్ వీల్ ఎక్కిన. పైకి పోయినంక కండ్లు తిరిగి, ఆపమని మొత్తుకున్న. దించినంక అందరు నవ్విండ్రు. అప్పటి సంది రెండో అంతస్తు కిటికీ కాడ నిలబడాలన్నా కాళ్ళు వణుకుతయ్. బొమ్మల్ల కూసోబెడ్దామన్నా చెయ్యి రాలె."

"నేను అడిగినప్పుడు చెప్పకపోతివి."

"ఎట్ల చెప్త?"

"ఇన్నేండ్లు నువ్వు పిసినారివి అనుకున్న."

"ఎరుకనే," అన్నాడు రాఘవేందర్. "గదే జర నయమనిపిచ్చింది."

స్వరాజ్యం నిటారుగా నిలబడి కొంగు సర్దుకుంది. ఆమె ఏడుస్తుందని కొందరు, తిడుతుందని కొందరు ఎదురుచూశారు.

"రేఖా, ఫోన్ తియ్యి. ఇయ్యాల వైజాగ్‌కు ఎన్ని సీట్లున్నయో చూడు."

మధ్యాహ్నం విమానంలో నాలుగు సీట్లు దొరికాయి. టికెట్ల సంగతి గోవర్ధన్ చూసుకున్నాడు. బోర్డు పెట్టి వచ్చినవాడు సాయంత్రానికి చికెన్ కొడుతూ కనబడలేడు. నాలుగో సీటుకు అనంతమ్మను లేపారు. "నువ్వు?" అన్నట్టు గోవర్ధన్ రాఘవేందర్ వైపు చూస్తే, "ఆయనను అడగకు," అంది స్వరాజ్యం. కసురుకున్నట్టు లేదు. దెబ్బ తగిలిన చోట చెయ్యి వేయొద్దన్నట్టు ఉంది. మిగిలిన బంధువులు పులిహోర డబ్బా తెరిచి, బ్యాగుల మీద కూర్చుని తినడం మొదలుపెట్టారు. గేటు అవతల చాలాసేపటి నుంచి నిలబడి ఉన్న ఐలయ్యకు కూడా ఒక విస్తరి పోయింది.

రాఘవేందర్ ఎయిర్‌పోర్టు అద్దాల తలుపు దాకా భార్య సంచి మోసుకుపోయాడు. తలుపు దగ్గర పోలీసాయన టికెట్టు అడిగాడు. సంచి ఆమె చేతికిచ్చాడు.

"కూరగిన్నె ఫ్రిజ్‌ల ఉన్నది," అంది స్వరాజ్యం. ఇంకేదో చెప్పబోయింది. వెనక జనం తోశారు. లోపలికి పోయాక ఆమె ఒకసారి వెనక్కి తిరిగింది. అద్దంలో ఇటువైపు వెలుగు పడి, ఆకుపచ్చ రంగు తప్ప అతనికేమీ కనబడలేదు.

ఇంటికి వచ్చి మిద్దె మీద మధ్యలో నిలబడ్డాడు. అంచు దగ్గరికి పోవడం అతని వల్ల కాదు. ఇన్నేళ్ళూ లేచే విమానాన్ని చూస్తే రెక్క ఎలా వంగిందో, చక్రాలు ఎటు ముడుచుకున్నాయో చూసేవాడు. ఆ రోజు అవేవీ చూడలేదు. ఏ విమానంలో ఆమె ఉందో తెలియక, లేచిన ప్రతి విమానాన్నీ చుక్క అయ్యేదాకా చూశాడు. మెడ నొప్పి పుట్టింది. తీగ మీద నిన్నటి బట్టలు అలాగే ఉన్నాయి. కింద వరండాలో విమానం తెరిచే ఉంది. దాన్ని ఆ ఆదివారం మూయలేదు.

పొద్దు వాలాక ఫోన్ వచ్చింది. వెనక అలల చప్పుడు, రేఖ నవ్వు.

"చేరినం. అనంతమ్మ వదిన నీళ్ళల్ల నిలబడ్డది, బయటికి రమ్మంటే వస్తలేదు," అంది స్వరాజ్యం.

"విమానంల ఎట్లుండె? భయమైందా?"

"లేదు. కిటికీ పక్కదే ఇచ్చిండ్రు. గని రెక్క అడ్డమున్నది. కింద భూమి కనిపియ్యలె, సముద్రం కనిపియ్యలె. పోయినంతసేపు రెక్కనే చూసుకుంట కూసున్న."

రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. గంటసేపు రెక్క పక్కన, అద్దం ఇవతల, అంత దగ్గరగా. జన్మలో తనకు ఎవరూ చూపించలేనిది ఆమె చూసి వచ్చింది. ఫోన్‌ను రెండో చేతిలోకి మార్చుకుని, చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"రెక్క ఎనక అంచు దిగేటప్పుడు కిందికి వంగిందా? పైన చిన్న రేకులు లేచినయా? మేకుల వరసలు కనబడ్డయా? జర మెల్లగ గుర్తు చేసుకోని చెప్పు స్వరాజ్యం, ఎట్లుండె రెక్క?"

అవతల ఆమె చాలాసేపు ఆలోచించింది.

"తెల్లగుండె," అంది.